బ్యాకప్ సర్వరు: రిలీఫ్ బండిని ప్యాసింజరు బండిగా నడపవచ్చునా?

ఉద్యోగుల సహకార పరపతి సంఘాల లెక్కలు, యూనియన్ శాఖల సభ్యత్వ రికార్డులు, సంక్షేమ నిధుల ఖాతాలు నేడు చాలావరకు కంప్యూటర్ల మీదనే నడుస్తున్నవి. ఆ లెక్కల నకళ్లను ప్రతి రాత్రి తీసి భద్రపరచటానికి ప్రత్యేకంగా ఒక యంత్రం, అనగా బ్యాకప్ సర్వరు, ఉండవలెనన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. భేదాభిప్రాయం ఆ తరువాతి మెట్టులో వస్తున్నది. ఆ యంత్రం మీద బ్యాకప్ ప్రోగ్రామును నేరుగా స్థాపించవలెనా? లేక ముందుగా వర్చువలైజేషన్ పొర ఒకటి వేసి, దాని లోపల స్థాపించవలెనా? యంత్రాలు అమ్మేవారు, నిర్వహణ కాంట్రాక్టర్లు తరచుగా రెండవ మార్గాన్నే సూచిస్తారు. "యంత్రం పగలంతా ఖాళీగా ఉంటుంది గదా, దానితోనే మరి రెండు పనులు చేయించుకోవచ్చును" అన్నది వారి ప్రధాన వాదన.

ఇది ఇంజనీర్లు తేల్చుకోవలసిన సాంకేతిక విషయమని, సంఘ పత్రికలో దీనికి చోటెందుకని కొందరు మిత్రులు అనవచ్చును. కాని రికార్డు పోయిననాడు నష్టపోయేది యంత్రం అమ్మినవాడు కాడు. ముప్పై ఏండ్లపాటు నెలనెలా జీతంలో నుండి పొదుపు సొమ్ము మినహాయింపు ఇచ్చిన ట్రాక్‌మన్ నష్టపోతాడు. అప్పు తీర్చివేసినా తీర్చినట్లు రుజువు దొరకక, రిటైరయిన రోజున రావలసిన సొమ్ము నిలిచిపోయిన పోస్టుమ్యాన్ నష్టపోతాడు. కౌంటరు ముందు కూర్చున్న గుమాస్తా సంజాయిషీ వ్రాసుకుంటాడు. కనుక ఈ ప్రశ్న మనది. దీనిపై మనకొక నిశ్చితమైన అభిప్రాయం ఉండవలసి ఉన్నది.

వర్చువలైజేషన్ అనగానేమి?

ఒక కంప్యూటరు మీద హైపర్‌వైజర్ అనే మూల ప్రోగ్రామును స్థాపిస్తారు. అది ఆ యంత్రం యొక్క ప్రాసెసరును, మెమరీని, డిస్కులను వాటాలు వేసి, లోపల అనేక వర్చువల్ యంత్రాలను ఏర్పాటు చేస్తుంది. ప్రతి వర్చువల్ యంత్రానికీ తన ఆపరేటింగ్ సిస్టం, తన ప్రోగ్రాములు, తన పాస్‌వర్డు వేరుగా ఉంటవి. రైల్వే కాలనీలో ఒకే బ్లాకులో ఎనిమిది క్వార్టర్లు ఉన్నట్లు దీనిని భావించవచ్చును. ప్రతి క్వార్టరుకు తలుపు వేరు, తాళం వేరు. కాని పునాది ఒకటే, మెట్లు ఒకటే, మేడమీది నీళ్లట్యాంకు ఒకటే.

ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు. ఐబిఎం సంస్థ తన పెద్ద యంత్రాల కొరకు విఎం/370 అనే వర్చువల్ యంత్ర వ్యవస్థను 1972లోనే ప్రకటించింది. మన రైల్వే జోన్లలో ఐబిఎం 1401 యంత్రాలు పంచి కార్డులతో పనిచేసిన కాలమది. చిన్న సర్వర్లలో ఈ పద్ధతి 2000 సంవత్సరం తరువాత వ్యాపించింది. 2007లో కెవిఎం అనే హైపర్‌వైజర్ లినక్స్ కెర్నెల్‌లో భాగం కావటంతో, లైసెన్సు రుసుము చెల్లించకుండానే దీనిని వాడుకొనే వీలు కలిగింది. నేడు క్లౌడ్ అని పిలువబడుతున్న ఏర్పాటుకు ఆధారం కూడా ఇదే. 2025 ఆగస్టు నాటికి సుమారు 1.65 లక్షల తపాలా కార్యాలయాలకు విస్తరించిన ఐటి 2.0 వ్యవస్థను తపాలాశాఖ ప్రభుత్వ క్లౌడ్ అయిన మేఘరాజ్ 2.0 మీదనే నెలకొల్పింది.

కావున వర్చువలైజేషన్‌ను మొత్తంగా వ్యతిరేకించటం మన ఉద్దేశం కాదు. రోజువారీ పనులు చేసే సర్వర్లలో అది ఉపయోగకరమైన సాధనమే. మన ప్రశ్న అంతకంటే చిన్నది, స్పష్టమైనది: ఆపద సమయంలో తప్ప వేరే ప్రయోజనం లేని యంత్రంలో ఆ సాధనానికి చోటున్నదా?

అనుకూల వాదనలలోని బలాబలాలు

ఎదుటివారి వాదనను తక్కువ చేసి చూపటం న్యాయం కాదు. వారు చెప్పే ప్రయోజనాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది, యంత్రం మార్పు. వర్చువల్ యంత్రం మొత్తం కొన్ని ఫైళ్ల రూపంలో ఉంటుంది. సర్వరు బోర్డు కాలిపోతే ఆ ఫైళ్లను వేరొక కంపెనీ యంత్రం మీదికి చేర్చి మరల నడపవచ్చును. రెండవది, స్నాప్‌షాట్. బ్యాకప్ ప్రోగ్రాముకు కొత్త వెర్షను ఎక్కించే ముందు ఉన్న స్థితిని పట్టి ఉంచి, తేడా వస్తే వెనుకకు మరలవచ్చును. మూడవది, పరీక్ష. తీసిన నకలు నిజంగా పనిచేయునో లేదో, దానిని ఒక వర్చువల్ యంత్రంగా లేపి చూడవచ్చును. నాల్గవది, ఖర్చు. ఒక యంత్రంతో నాలుగు యంత్రాల పని జరుగుతుంది.

మొదటి రెండింటిని పరిశీలిద్దాం. బ్యాకప్ సర్వరులో విలువైనది బ్యాకప్ ప్రోగ్రాము కాదు, అది భద్రపరచిన నకళ్లు. తర్ఫీదు పొందిన మనిషి ప్రోగ్రామును కొత్త యంత్రం మీద కొద్ది గంటలలో మరల స్థాపించగలడు. దాని అమరికలు చిన్న ఫైళ్లు. వాటిని వేరొకచోట భద్రపరచటం కష్టం కాదు. నకళ్లున్న డిస్కులు క్షేమంగా ఉంటే వాటిని తీసి మరొక యంత్రానికి తగిలించవచ్చును. అదే నకళ్లు పెద్ద వర్చువల్ డిస్కు ఫైలు లోపల ఉంటే, ముందు హైపర్‌వైజర్‌ను లేపాలి, తరువాత వర్చువల్ యంత్రాన్ని లేపాలి, ఆ తరువాతనే నకళ్లు కనబడతవి. ఆ ఒక్క పెద్ద ఫైలు చెడితే అందులోని నకళ్లన్నీ ప్రమాదంలో పడతవి. ప్రశాంతంగా ఉన్న రోజున సౌకర్యంగా తోచిన పొర, ఆపద రోజున అదనపు అడ్డంకి అవుతుంది.

మూడవ వాదనలో నిజమైన బలమున్నది. దానిని ముందు ముందు తిరిగి చర్చిస్తాము. ఇక నాల్గవదానికి, అనగా ఖాళీ యంత్రం వాదనకు, వివరంగా సమాధానం చెప్పవలసి ఉన్నది.

రిలీఫ్ బండి ధర్మం

ముఖ్యమైన రైల్వే కేంద్రాలలో ప్రత్యేక సైడింగు మీద యాక్సిడెంట్ రిలీఫ్ ట్రైన్ నిలిచి ఉంటుంది. నెలల తరబడి అది కదలకపోవచ్చును. అందులో పనిముట్లు, జాకీలు, దీపాలు సిద్ధంగా ఉంటవి. సైరన్ మ్రోగినప్పుడు నిమిషాల లెక్కన అది బయలుదేరవలెను. అప్పుడప్పుడు మాక్ డ్రిల్లు జరిపి, సకాలంలో కదులునో లేదో చూస్తారు. రద్దీ ఎక్కువగా ఉన్నదని, ఆ బండి పెట్టెలు ఊరకనే పడి ఉన్నవని, వాటిని తెచ్చి ప్యాసింజరు బండికి తగిలించండని రైల్వే పని తెలిసినవాడెవడూ అనడు. సిద్ధంగా నిలిచి ఉండటమే ఆ బండి చేసే పని.

బ్యాకప్ సర్వరు ధర్మం కూడా అదే. దాని మీద హైపర్‌వైజర్ వేసిన మరునాటి నుండి కొత్త వర్చువల్ యంత్రాన్ని చేర్చటం కొద్ది నిమిషాల పని. కొనుగోలు ఆర్డరు అక్కరలేదు, కమిటీ తీర్మానం అక్కరలేదు. మొదట హాజరుపట్టీ ప్రోగ్రాము వస్తుంది. తరువాత ప్రింటర్ల సర్వరు వస్తుంది. ఆ తరువాత సంఘం వెబ్‌సైటు వస్తుంది. కొంతకాలానికి అది ప్రత్యేక బ్యాకప్ సర్వరుగా రిజిస్టరులో మాత్రమే మిగులుతుంది.

ఈ పరిణామం మన ఉద్యోగులకు కొత్త కాదు. లీవ్ రిజర్వు పోస్టులను ఖాళీ మనుషులుగా లెక్కించి, వారిని నిత్య విధులలోకి తీసుకొన్న తరువాత ఏమి జరుగుతుందో ప్రతి స్టేషన్ మాస్టరుకు, ప్రతి పోస్టుమాస్టరుకు తెలుసును. ఒకరు జబ్బుపడిన రోజున వారి స్థానంలో పంపటానికి మనిషి ఉండడు. రిజర్వును పనిలో కలుపుకొన్నందువలన పొదుపు జరిగినట్లు కాగితం మీద కనబడుతుంది. దాని మూల్యం ఆపద రోజున తెలుస్తుంది.

సాంకేతికంగా కూడా ఈ పొదుపు నష్టదాయకమే. బ్యాకప్ పని డిస్కుల మీద భారమైన పని. వేల ఫైళ్లను చదవటం, ఒకే సమాచారం రెండుసార్లు ఉంటే గుర్తించి ఒకటే ఉంచటం, ప్రతి భాగానికి సరిచూపు సంఖ్య లెక్కగట్టటం, అన్నీ రాత్రి కొద్ది గంటలలో ముగియవలెను. అదే డిస్కులను మరి మూడు వర్చువల్ యంత్రాలు పంచుకొంటే రాత్రి పని తెల్లవారినా పూర్తికాదు.

ఇంకొక ప్రమాదమున్నది. వర్చువలైజేషన్‌లో, ఉన్న డిస్కు స్థలంకంటె ఎక్కువ స్థలాన్ని వర్చువల్ యంత్రాలకు వాగ్దానం చేసే పద్ధతి వాడుకలో ఉన్నది. అందరూ ఒకేసారి అడగరు గదా అన్న ధీమాతో ఇది నడుస్తుంది. అసలు డిస్కు నిండిన క్షణాన దానిమీది వర్చువల్ యంత్రాలు ఒకదాని వెంట ఒకటి నిలిచిపోతవి. బ్యాకప్ నిల్వ రోజురోజుకు పెరిగే స్వభావం గలది. కనుక అందరికంటె ముందు డిస్కును నింపేది అదే, నిండిన తరువాత నిలిచిపోయేదీ అదే.

శత్రువు చేతికి అందని యంత్రం

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. రాన్సమ్‌వేర్ అనగా డేటాకు తాళం వేసి సొమ్ము గుంజే దొంగ ప్రోగ్రాము. ఐదు సర్వర్లు దెబ్బతిన్నవని, సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడినదని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. నెట్‌వర్కును సరియైన విభాగాలుగా వేరుచేయకపోవటం దాడికి కారణమని కూడా తెలిపింది. రోగుల నమోదు, రిపోర్టులు అనేక దినాలపాటు కాగితాల మీద నడిచినవి. అయితే ఆస్పత్రి డేటా చివరకు తిరిగి దొరికింది. దాడికి గురికాని ఒక బ్యాకప్ సర్వరు నుండి దానిని తీసి కొత్త సర్వర్లమీద పునరుద్ధరించారు.

ఈ ఉదంతంలోని పాఠాన్ని మనం మరువరాదు. దాడి చేసినవాని చేయి ఆ బ్యాకప్ సర్వరు దాకా చేరలేదు. అందువలన డేటా బ్రతికింది. బ్యాకప్ సర్వరును ఎంత శక్తిమంతమైన యంత్రంగా కొన్నామన్నది తరువాతి మాట. మిగిలిన యంత్రాలు కూలినపుడు వాటితోపాటు అది కూలకుండా ఉండునా అన్నదే దాని మొదటి పరీక్ష.

హైపర్‌వైజర్ ఈ పరీక్షను కఠినతరం చేస్తుంది. 2023 ఫిబ్రవరిలో ఇఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ వివిధ దేశాలలో వేలాది సర్వర్లపై విరుచుకుపడింది. అది ఒక్కొక్క వర్చువల్ యంత్రాన్ని వెదుక్కుంటూ పోలేదు. విఎంవేర్ వారి ఇఎస్ఎక్స్ఐ హైపర్‌వైజర్‌లోని ఒక లోపం ద్వారా నేరుగా పునాదిలోనికి ప్రవేశించి, అక్కడి వర్చువల్ యంత్రాల ఫైళ్లకు తాళం వేసింది. ఆ లోపానికి సవరణ 2021 ఫిబ్రవరిలోనే విడుదలయినది. రెండేండ్లయినా దానిని ఎక్కించని యంత్రాలు బలి అయినవి. రోజువారీ సర్వర్లు, బ్యాకప్ సర్వరు ఒకే రకం హైపర్‌వైజర్ మీద, ఒకే నిర్వహణ పాస్‌వర్డుతో నడిచేచోట, ఒక్క తలుపు విరిగితే ఇల్లు, ఖజానా రెండూ పోయినట్లే.

తాళంచెవి విషయం కూడా చెప్పుకోవలెను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేటు వలన ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు స్తంభించినవి. వాటిని తిరిగి లేపటానికి కొన్నిచోట్ల డిస్కుల రహస్య సంకేతాలు అవసరమైనవి. ఆ సంకేతాలను దాచిన సర్వర్లు కూడా పడిపోయి ఉన్నందున సిబ్బంది చిక్కులో పడిన ఉదంతాలు బయటకు వచ్చినవి. వర్చువల్ బ్యాకప్ సర్వరులో ఈ రకం చిక్కు సులభంగా పుడుతుంది. హైపర్‌వైజర్ అమరికల నకలు బ్యాకప్ సర్వరులో ఉంటుంది. బ్యాకప్ సర్వరేమో ఆ హైపర్‌వైజర్ లేస్తేగాని లేవదు. పెట్టె తాళంచెవిని పెట్టెలోనే ఉంచి మూత వేసినట్లన్నమాట.

పరాధీనత కూడా ఒక ప్రమాదమే. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ విఎంవేర్‌ను కొనుగోలు చేసి, మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని ఆపి, కాలపరిమితి చందాల పద్ధతికి మారింది. ఒక్కసారి కొనుక్కుంటే చాలునన్న లెక్కతో బడ్జెట్లు వేసుకొన్న సంస్థలు మరల లెక్కలు వేసుకోవలసి వచ్చింది. పది పదిహేనేండ్లు నిలువవలసిన రికార్డులను తెరవటానికి ఎవరో ఒక కంపెనీ అనుమతి అవసరమయ్యే ఏర్పాటు సభ్యుల సొమ్ముతో నడిచే సంఘాలకు తగదు.

ఒక కప్పు క్రింద రెండు నకళ్లు

బ్యాకప్ యంత్రం ఎంత శుద్ధంగా ఉన్నా, అది అసలు సర్వరు ప్రక్క బల్ల మీదనే ఉంటే ప్రయోజనం సగమే. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవిహెచ్ సంస్థ డేటా కేంద్రంలో మంటలు చెలరేగి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. అసలు డేటాను, నకలును అక్కడే ఉంచుకొన్న ఖాతాదారులు రెండింటినీ పోగొట్టుకొన్నారు.

దక్షిణ కొరియా ఉదంతం మన తపాలా సోదరులకు ఇంకా దగ్గరిది. 2025 సెప్టెంబరు 26న డెజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీలకు నిప్పంటుకొన్నది. వందలాది ప్రభుత్వ సేవలు ఒక్కసారిగా నిలిచిపోయినవి. పండుగ పార్సెళ్ల రద్దీ కాలంలో ఆ దేశపు తపాలా సేవలు, తపాలా బ్యాంకింగు కూడా ఆగిపోయినవి. చాలా సేవలను క్రమంగా పునరుద్ధరించగలిగారు. కాని ప్రభుత్వోద్యోగులు తమ దస్త్రాలను దాచుకొన్న జి-డ్రైవ్ అనే నిల్వ వ్యవస్థలోని 858 టెరాబైట్ల సమాచారం బూడిదైనది. పరిమాణం మరీ పెద్దదన్న కారణంగా దానికి బయట నకలు ఉంచలేదు.

కంప్యూటర్లు రాకముందు మన సేవింగ్స్ బ్యాంకు శాఖ ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండెనో పాత ఉద్యోగులు ఎరుగుదురు. ఖాతాదారు చేతిలో పాసుబుక్కు ఉండేది. సబ్ పోస్టాఫీసులో లెడ్జరు ఉండేది. హెడ్ పోస్టాఫీసులో మరొక లెడ్జరు ఉండేది. ఒకచోట వరద వచ్చినా, చెద పట్టినా, మిగిలిన రెండింటిని చూచి లెక్క తేల్చవచ్చును. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు ప్రచారంలోనికి తెచ్చిన "3-2-1" సూత్రం చెప్పేది దాదాపు ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊరిలో. తపాలాశాఖ తన కంప్యూటరు వ్యవస్థకు నవీ ముంబయిలో డేటా కేంద్రం నెలకొల్పినపుడు, విపత్తు వేళకు పనికివచ్చే కేంద్రాన్ని మైసూరులో పెట్టటంలోని వివేకం కూడా అదే.

వర్చువలైజేషన్ మీద మోజు ఈ విషయంలో ఒక భ్రమను పెంచుతుంది. తెర మీద నాలుగు యంత్రాలు కనబడతవి గనుక నాలుగు చోట్ల నకళ్లున్నట్లు తోస్తుంది. స్నాప్‌షాట్ ఉన్నది గనుక బ్యాకప్ ఉన్నట్లు తోస్తుంది. కాని అవన్నీ ఒకే పెట్టెలోని ఒకే డిస్కుల మీద ఉన్న గీతలు. పెట్టె కాలితే అన్నీ ఒకేసారి కాలిపోవును.

వర్చువలైజేషన్‌కు తగిన స్థానం

ఇక మూడవ వాదనకు వద్దాం. నకలు తీయటం సగం పని. దాని నుండి తిరిగి రికార్డును నిలబెట్టగలగటం మిగిలిన సగం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో, రాత్రివేళ సమస్యను సరిచేస్తున్న ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసును తుడిచివేశాడు. ఆ సంస్థకు కాగితం మీద ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లుండెను. అవసరం పడిననాడు చూడగా ఒక్కటీ సక్రమంగా పనిచేయలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కొరకు తీసిన ఒక ప్రతి దొరకటంతో సంస్థ గట్టెక్కింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయినది. ఆ సంస్థ జరిగినదంతా బహిరంగంగా ప్రకటించింది, ఉద్యోగి పేరును బయటపెట్టలేదు, తప్పు వ్యవస్థలో ఉన్నదని అంగీకరించింది. మన యాజమాన్యాలు నేర్చుకోదగిన పద్ధతి ఇది.

పరీక్ష చేయని నకలు మీద ఆధారపడరాదన్నది దీని సారాంశం. పరీక్షకు వర్చువలైజేషన్ మంచి సాధనం. గత రాత్రి నకలును వర్చువల్ యంత్రంగా లేపి, బయటి నెట్‌వర్కుతో సంబంధం లేకుండా నడిపి, పది మంది సభ్యుల ఖాతాలు సరిచూచి, తరువాత దానిని చెరిపివేయవచ్చును. అయితే ఈ పని బ్యాకప్ సర్వరు మీదనే జరుగవలెనని ఎక్కడా లేదు. కార్యాలయంలో మార్చివేసిన పాత సర్వరు ఒకటి ఉంటే, దాని మీద కెవిఎం వంటి ఉచిత హైపర్‌వైజర్ వేసి పరీక్షా యంత్రంగా వాడుకోవచ్చును. అది చెడినా నష్టం లేదు. మాక్ డ్రిల్లుకు మైదానం వేరు, రిలీఫ్ బండి సైడింగు వేరు.

మన వైఖరి

పై చర్చను బట్టి మన సహకార సంఘాలకు, శాఖలకు ఈ క్రింది వైఖరిని సూచిస్తున్నాము.

1. ప్రత్యేక బ్యాకప్ సర్వరు మీద ఆపరేటింగ్ సిస్టమును, బ్యాకప్ ప్రోగ్రామును నేరుగానే స్థాపించవలెను. హైపర్‌వైజర్ వేయరాదు. మరి ఏ పనినీ దానికి అప్పగించరాదు.

2. దాని పాస్‌వర్డు, నిర్వహణ ఖాతా రోజువారీ సర్వర్లతో సంబంధం లేనివిగా ఉండవలెను. బ్యాకప్ సర్వరే వెళ్లి నకలు తీసుకొనవలెను గాని, రోజువారీ సర్వరుకు నకళ్లను చెరిపే అధికారం ఉండరాదు.

3. కనీసం ఒక ప్రతి నెట్‌వర్కుకు తగిలించకుండా, వేరే ఊరిలోని శాఖలో, టేపు మీదనో విడి డిస్కు మీదనో ఉండవలెను. తీసుకొనిపోయిన తేదీ, తీసుకొనిపోయిన వారి సంతకం రిజిస్టరులో ఉండవలెను.

4. రహస్య సంకేతాలు, అమరికల వివరాలు, తిరిగి స్థాపించే విధానం తెలుగులోనో ఇంగ్లీషులోనో కాగితం మీద వ్రాసి, సీలు వేసి, ఇద్దరు బాధ్యుల వద్ద వేరువేరు చోట్ల ఉంచవలెను.

5. మూడు నెలలకొకసారి నకలు నుండి పునరుద్ధరణ పరీక్ష జరిపి, ఫలితాన్ని పాలకవర్గానికి లిఖితపూర్వకంగా సమర్పించవలెను. వార్షిక సర్వసభ్య సమావేశంలో దానిని చదివి వినిపించవలెను.

ఈ నియమానికి మినహాయింపులు లేవా? ఉన్నవి. అనేక సర్వర్లున్న పెద్ద డేటా కేంద్రంలో బ్యాకప్ పనిని నియంత్రించే ప్రోగ్రాము వర్చువల్ యంత్రంలో ఉండవచ్చును. కాని నకళ్లు నిల్వచేసే యంత్రం భౌతికంగా వేరుగానే ఉండవలెను. మరొక యంత్రం కొనే స్తోమత బొత్తిగా లేని చిన్న సంఘం, ఉన్న ఒక్క అదనపు యంత్రం మీదనే హైపర్‌వైజర్ వేసి పరీక్షలు కూడా జరుపుకొనదలిస్తే, దానిని పూర్తిగా తప్పుపట్టలేము. అయితే నకళ్లకు మొత్తం డిస్కులను నేరుగా కేటాయించవలెను. పరీక్ష ముగిసిన వెంటనే పరీక్షా యంత్రాన్ని తొలగించవలెను. మూడవ ప్రతి తప్పక బయట ఉండవలెను. ఈ మూడు షరతులలో ఒక్కటి తప్పినా ఆ ఏర్పాటును అంగీకరించరాదు.

బాధ్యత ఎవరిది?

చివరగా ఒక్క మాట. రికార్డు చెడినపుడు నేరం ఎవరిమీద మోపబడుతుందో బ్రిటన్ తపాలా ఉద్యోగుల చరిత్ర మనకు చూపినది. అక్కడ హొరైజన్ అనే కంప్యూటరు వ్యవస్థ చూపిన తప్పుడు లెక్కలను సాక్ష్యంగా తీసుకొని, 1999 నుండి 2015 వరకు 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లను, సంబంధిత సిబ్బందిని దోషులుగా నిర్ణయించారు. కొందరు జైలుకు పోయిరి, ఎందరో ఆస్తులు కోల్పోయిరి. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దుచేసే చట్టం 2024లో గాని రాలేదు. యంత్రం చెప్పినదే వేదమనుకొన్న చోట, యంత్రానికి ఎదురు నిలిచి సాక్ష్యం చెప్పగల స్వతంత్ర రికార్డు ఉద్యోగి చేతికి అందని చోట, అన్యాయం అంత కాలం సాగినది.

స్వతంత్రంగా, మార్పులకు అతీతంగా, వేరుగా భద్రపరచబడిన నకలు అటువంటి సాక్ష్యం. అది సభ్యుని సొమ్ముకు రక్షణ. గుమాస్తా నిజాయితీకి రుజువు. దానిని మరి నాలుగు పనులతో కలిపి ఒకే పెట్టెలో కుక్కి, ఒక యంత్రం ధర మిగిల్చామని సంతోషించటం పొదుపు కాదు. ఆ రకం పొదుపు ప్రతిపాదన వచ్చినపుడు మన ప్రతినిధులు పాలకవర్గ సమావేశాలలో లేచి మూడు ప్రశ్నలు అడుగవలెను: అసలు సర్వరు కూలిననాడు ఈ యంత్రం ఒంటరిగా నిలువగలదా? దీని నకలు వేరే ఊరిలో ఎక్కడ ఉన్నది? చివరిసారి పునరుద్ధరణ పరీక్ష ఏ తేదీన జరిగినది? ఈ మూడింటికి లిఖితపూర్వకమైన జవాబు వచ్చేవరకు కొనుగోలు తీర్మానానికి ఆమోదం తెలుపవద్దని సోదర ఉద్యోగులందరిని కోరుచున్నాము.